దీవెన రొట్టెలో మొదటి ముక్క

1758 నవంబరు 5, ఆదివారం

ఈవేళ చర్చిలో మహాయుద్ధం. దీవెన రొట్టె పంచేటప్పుడు చర్చి బంట్రోతు మా కోట దొరసాని బారనెస్ గారి ముక్క కన్నా ఉప్పు వర్తకుడి భార్య మదామ్ పుజోల్‌కు పెద్ద ముక్క ఇచ్చాడు. తాతల నాటి నుంచీ మొదటి ముక్క, పెద్ద ముక్క కోటవారివి. బారనెస్ ఇంటికొచ్చి మంచమెక్కింది. కోట కిటికీలకు అద్దాల్లేక నూనె కాగితాలు అంటించుకున్నాం. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె!

నేనావిడకు దూరపు చుట్టాన్ని. పుస్తకాలు చదివి వినిపించడానికి పెంచుకున్న దిక్కులేనిదాన్ని. అయినా రక్తం రక్తమేనట. రెండో ముక్క నాది. చివరి బల్లల వాళ్ళకు పొడి రాలుతుంది.

నవంబరు 7

కోపం దిగడానికి బారనెస్‌కు నెత్తురు తీయించారు. తీసింది లెస్కూర్, మా ఊరి శస్త్రవైద్యుడు. కట్టు కట్టాక, నన్ను పెళ్ళి చేసుకుంటానని అడిగేశాడు. నీ కత్తి నా నరం దాకా రావచ్చు గానీ నా వంశం దాకా రాకూడదు అన్నదట బారనెస్. క్రిస్మస్ అయ్యాక నన్ను కన్యాశ్రమంలో వేస్తుందట. ఏడ్చాను.

నెత్తురు గిన్నె పట్టుకున్నది నానెట్. నన్ను చిన్నప్పటి నుంచి సాకిన మనిషి. "దగ్గర్నుంచి చూశానమ్మాయి గారూ, నాదీ అదే రంగు" అన్నది. ఏడుస్తూనే నవ్వాను.

నవంబరు 8

ఓదార్చడానికి కోట గురువు ఫాదర్ గుర్దెన్ వచ్చాడు. ఇంతకన్నా మంచి లోకాన్ని చెయ్యడం దేవుడి తరం కూడా కాదట. నేను కన్యాశ్రమంలో చేరడం మంచికేనట, బారనెస్ ఆత్మ కోసం ప్రార్థించే మనిషి కావాలిగా. చర్చి కప్పు కారి చివరి బల్లల వాళ్ళు తడవడమూ మంచికేనట, బాప్తిస్మం గుర్తుంటుందట. ఇదంతా బాతు కాలు నములుతూ చెప్పాడు.

నవంబరు 12, ఆదివారం

రొట్టె సమానంగా కోశారు. బారనెస్, మదామ్ పుజోల్ ఇద్దరూ ముట్టలేదు.

నవంబరు 19, ఆదివారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

వారమంతా వాన. ప్రసంగం మధ్యలో పై దూలం పటపటమన్నది. సున్నం పెచ్చులు రాలాయి. ఒక్కరూ లేవలేదు. బారనెస్ లేవందే ఎవరూ లేవకూడదు, ఆవిడ గడప దాటందే ఎవరూ దాటకూడదు. ఆవిడ లేవబోయింది. అంతలో మదామ్ పుజోల్ లేచి నిలబడింది. ఉప్పమ్ముకునేదాని తర్వాత లేస్తే కోట పరువేం కాను? బారనెస్ మళ్ళీ చతికిలబడింది. అది చూసి మదామ్ పుజోలూ కూర్చుంది. ఊరు ఊరంతా నెత్తిన సున్నం రాల్చుకుంటూ ఆ ఇద్దరి పిరుదుల వంక చూస్తోంది! భయపడకండి బిడ్డలారా, ఏది జరిగినా మంచికే అంటూ ఫాదర్ పక్క తలుపు వైపు జరుగుతున్నాడు.

వెనక నుంచి నానెట్ కేక. "నడవండమ్మాయి గారూ! మీరు కదిలితే మేమూ కదుల్తాం!"

నడిచాను. బారనెస్ ముందు నుంచే నడిచాను. ఊరంతా నా వెనకే బయటపడింది. లోపల చూసేవాళ్ళెవరూ మిగల్లేదు గనక ఆ ఇద్దరూ కూడా వచ్చారు.

బయటికొచ్చాక బారనెస్ కాళ్ళు చల్లబడుతున్నాయన్నది. పాదాల కింద పెట్టుకునే నిప్పుల పెట్టె లోపలే ఉండిపోయిందన్నది. వద్దు నానెట్ అన్నాను. ఎంతసేపమ్మా, ఇదిగో వచ్చేశా అని వెళ్ళింది.

కప్పు అప్పుడు కూలింది.

నవంబరు 21

నానెట్‌ను పూడ్చారు. దేవుడి పిలుపు వస్తే వెళ్ళక తప్పదన్నాడు ఫాదర్. పిలిచింది ఎవరో అందరూ విన్నారు. పెట్టె దొరికిందా అని బారనెస్ బంట్రోతును మెల్లగా అడిగింది. నా చెవిన పడింది. పెట్టె కోసం మనిషిని చంపావు నువ్వు, అన్నాను. అందరి ముందూ అన్నాను.

చంపావన్నది ఆవిడకు వినబడనే లేదు. మీరు అనకుండా నువ్వు అన్నది వినబడింది. ముందు నడిచినందుకు క్షమిద్దామనుకున్నదట, ఈ మాటకు మాత్రం క్షమ లేదట. నువ్వు అన్న నోరు మా రక్తంలో పుట్టదు, ఇక ఎవణ్ణి కట్టుకుంటావో కట్టుకో పో అన్నది.

నవంబరు 24

లెస్కూర్ అక్క గారింట్లో ఉన్నాను. ఫాదర్ వచ్చాడు. చూశావా తల్లీ, నానెట్ పోకపోతే నువ్వామాట అనేదానివా? అనకపోతే నీకీ పెళ్ళి దొరికేదా? అన్నీ మంచికే అన్నాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. తలుపు చూపించాను.

వాడు వెళ్ళినప్పటి నుంచీ జవాబు కోసం వెతుకుతున్నాను. నానెట్‌ను తలుచుకుంటే సిగ్గుగా ఉంది. సంతోషంగానూ ఉంది.

1759 జనవరి 9

పెళ్ళయింది. చర్చికి కప్పు లేదు, ధాన్యపు కొట్టులో చేశారు. పెళ్ళికూతురికి ఆ ఒక్కరోజు మర్యాద ఉంటుందట. దీవెన రొట్టెలో మొదటి ముక్క, పెద్ద ముక్క, ఫాదర్ తన చేత్తోనే తెచ్చిచ్చాడు.

తిన్నాను. బాగుంది.