నా గడియ నాకు పంపు

ప్రియమైన తమ్ముడికి,

ప్రియమైన అని రాయడానికి పెన్ను మొరాయించింది. చిన్నప్పుడు నిన్ను చంకనేసుకుని తిప్పిన పాపానికి రాశాను.

నాకు ఆసుపత్రి లాండ్రీలో పని దొరికింది. రోజంతా దుప్పట్లు ఉతకడం, ఇస్త్రీ చెయ్యడం. సైకిళ్ళ రిపేరు కొట్టు మీద ఒక గది తీసుకున్నాను. తలుపుకి గడియ ఉంది. మొదటి రోజు అది వేసి, తీసి, మళ్ళీ వేసి పిచ్చిదానిలా ఏడ్చాను. పుట్టిందగ్గర్నుంచీ ప్రార్థన సభవాళ్ళ ఇళ్ళలో బతికాను కదా. "దాచుకునేది లేనివాడికి గడియ ఎందుకు" అని సభ నడిపే పెద్దాయన అనడం, పెద్దలు ఎప్పుడు పడితే అప్పుడు మన ఇళ్ళలోకి తోసుకు రావడం, అదే భక్తి అనుకుని మనం తలలూపడం. స్నానాల గదికైనా గడియ లేని బతుకు. ఛీ!

మీ బావ మంచాన పడ్డాక నేనొక గడియ కొన్నాను. కూరగాయల కత్తితో స్క్రూలు తిప్పి నేనే బిగించాను. ఎందుకు? ఆయన ఎప్పుడో ఒకసారి సభలో "నాకు సందేహాలున్నాయి" అన్నారని, పూటపూటా పెద్దలు వచ్చి నెత్తిన కూర్చుని పశ్చాత్తాపం చెప్పమంటున్నారు. మనిషికి కాస్త నిద్ర కావాలి, అంతే. నేను మందులకి వెళ్ళొచ్చేసరికి గడియ లేదు. ఎవరు విప్పారు? సభకి ఉన్న వడ్రంగివి నువ్వొక్కడివే. పెద్దలు ఆరుగురు మంచం చుట్టూ చేరారు. ఆయన చెయ్యి పట్టుకుందామంటే నాకు చోటు లేదురా! నా వంకే చూస్తూ పోయాడు నా మొగుడు. గడియ ఎందుకు విప్పించారని సభలో లేచి అడిగినందుకే కదా నన్ను వెలివేశారు.

దేవుడి మీద నాకు కోపం లేదు. ఆయన పేరు చెప్పుకుని మన ఇళ్ళలో జొరబడ్డవాళ్ళ మీద ఉంది. నీ మీద ఇంకా ఎక్కువ ఉంది.

ఆ గడియ నాది. నాకు పంపు.

మీ ఇంటికొచ్చే కవర్లు పెద్దాయన చించి చదివాకే నీ చేతికొస్తాయని తెలుసు. చదవండి పెద్దాయనా, కళ్ళజోడు పెట్టుకుని మరీ చదవండి.

ఇంకా చావని నీ అక్క


ప్రియమైన అక్కకి,

అమ్మ, నీ మరదలు, నేను క్షేమం. అమ్మకి మెట్లెక్కితే ఆయాసం వస్తోంది, అంతే.

నీ ఉత్తరం చదివి పెద్దాయన నవ్వి ఊరుకున్నారు. నువ్వొచ్చి సభ ముందు నిలబడి "తప్పయింది" అంటే చాలట. ఒక్క మాట అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా?

సెలవు రోజుల్లో ఎవరో దర్జీ కొట్లో చేరి అన్ని మతాల పుస్తకాలూ చదువుతున్నారటగా. అదేం కలగూరగంప? రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడే మునుగుతాడంటారు, నువ్వు ఎన్ని పడవలెక్కావో. దయ, దయ అంటున్నావట. ఊరందరి మీదా ఉన్న దయ తమ్ముడి మీద లేకపోయిందే?

గడియ ఎక్కడుందో నాకు తెలియదు. పాత ఇనుములో పోయుంటుంది.

నీ మంచి కోరే తమ్ముడు


ఒరేయ్ తమ్ముడూ,

అమ్మకి ఆయాసం, "అంతే" అని రాస్తావా? డాక్టరుకి చూపించావా, పెద్దాయన చేత నెత్తిన చెయ్యి పెట్టించి ఊరుకున్నావా?

కలగూరగంప సంగతి చెబుతా విను. పనిలో చేరిన కొత్తలో, దుప్పటి మార్చడానికి ఒక రోగి గదిలోకి తిన్నగా వెళ్ళబోయాను. ముసలి ఆయా నా రెక్క పట్టుకుని ఆపింది. తలుపు తట్టి, కాసేపు ఆగి, "వస్తున్నామయ్యా" అంది. ఆ మనిషికి స్పృహ కూడా లేదురా! అదే అన్నాను. "అయితే ఏం, లోపలున్నది మనిషే కదా" అంది. ఇన్నేళ్ళ ప్రార్థనల్లో ఈ మాట ఒక్కరు చెప్పలేదు మనకి. ఆ రోజు నుంచి నేనూ తట్టే వెళుతున్నాను.

దర్జీ కొట్టుకి నన్ను తీసుకెళ్ళింది ఆవిడే. ఒకరు ఒక మతం పుస్తకంలోంచి నాలుగు ముక్కలు చదువుతారు, ఇంకొకరు ఇంకోదాంట్లోంచి. ఆయాకి చదువు రాదు, వాళ్ళమ్మ అనే మాటలు చెబుతుంది. అన్నీ తిరిగి తిరిగి ఎదుటివాడి నొప్పి దగ్గరికే వస్తాయి. కాసేపు మాట్లాడకుండా కూర్చుంటాం. తర్వాత ఎవరింట్లో మనిషి మంచాన ఉంటే వాళ్ళింటికి అంట్లు తోమడానికి పోతాం. మాకు పెద్దాయన లేడు, కుట్టు మిషనుంది.

మొన్న పక్కింటి పిల్ల చెంప వాచిపోయి నా తలుపు బాదింది. వెనకాలే మొగుడు. పిల్లని లోపలికి లాగి గడియ వేశాను. వాడు అరిచి అరిచి పోయాడు. మన సభ ఇళ్ళలో అయితే దాన్నెక్కడ దాచేదాన్ని? ఎవడైనా తోసుకొచ్చే ఇల్లు ఎవరికి ఆసరా అవుతుందిరా?

నీ మీద దయ లేదా అని అడిగావు. లేదు. అబద్ధం ఎందుకు? నీ దగ్గరికొచ్చేసరికి ఒళ్ళు మండిపోతోంది. దర్జీతో చెబితే "మండనీ అమ్మా, తలుపు మాత్రం శాశ్వతంగా మూసెయ్యకు" అన్నాడు. కాబట్టి నువ్వొస్తే తీస్తాను. ముందు తట్టి చావు.

గడియ పంపు.

అక్క


అక్కా,

అమ్మ మంచం దిగడం లేదు. కాళ్ళకి నీరు పట్టింది. గుండె అలసిపోయింది, ఇక ఎన్నో రోజులు లేవన్నాడు డాక్టరు. నిన్ను చూడాలంటోంది. వెలివేసిన మనిషి గడప తొక్కకూడదు కదా. అయినా పెద్దాయన్ని అడిగాను. కుదరదన్నారు.

ఇంకోటి. వచ్చే ప్రార్థన రోజు పెద్దలు వస్తారట. "ఆ కూతురు నాకు లేదు" అని అమ్మ వాళ్ళ ముందు చెప్పాలట. చెప్పకపోతే సభ శ్మశానంలో నాన్న పక్కన చోటివ్వరట.

నన్నేం చెయ్యమంటావు?

తమ్ముడు


ఒరేయ్,

ఏం చెయ్యమంటావని నన్నడుగుతావా? ఊపిరాడని ముసలిదాని చేత కన్నకూతుర్ని లేదనిపిస్తారా? చచ్చాక ఆరడుగుల మన్ను చూపించి బేరమాడతారా? వీళ్ళ నోళ్ళు పడిపోను! ఇది చదివి ఆవిరి ఇస్త్రీ పెట్టె ఎత్తి నేలకేసి కొట్టాను. సూపర్‌వైజరు జీతంలో కోస్తానన్నాడు. కోసుకోమన్నాను.

సరే, విను. అమ్మకి నాన్న పక్కన పడుకోవాలని ఉంటే ఆ మాట అనెయ్యమను. అనమని నేనే చెప్పానని చెప్పు. నాకేం రోషం లేదు. లేదంటే లేకుండా పోతానా?

కానీ నువ్వు మాత్రం మంచం పక్కన చోటు వదలకు. ఆరుగురొచ్చినా, అరవైమందొచ్చినా, అమ్మ చెయ్యి నువ్వు పట్టుకో. నేను బతిమాలడం లేదు, చెబుతున్నాను.

గడియ సంగతి ఇక అడగను.

అక్క


ప్రియమైన అక్కా,

ఈ కవరు వడ్రంగి జిగురు పెట్టి నాలుగు వైపులా అంటిస్తున్నాను. కిటికీలోంచి నీ మరదలికి అందిస్తున్నాను. తనతో వచ్చెయ్.

నీ మాట అమ్మకి చెప్పాను. "అనమనడానికి అదెవరు? దాన్ని నేను కన్నానా, నన్నది కన్నదా?" అంది. ఆయాసంలో కూడా తిట్టు తిట్టే. "మీ నాన్న ఒక్కడే పడుకోవడం అలవాటు చేసుకుంటాడులే" అంది.

నీ గడియ పాత ఇనుములో పోలేదక్కా. నా పనిపెట్టె అడుగున ఉంది, స్క్రూలతో సహా. పారెయ్యడానికి చెయ్యి రాలేదు, పంపడానికి మొహం చెల్లలేదు. ఇప్పుడూ పంపలేను. ఈ పొద్దున పెద్దలు రాకముందే అమ్మ గది తలుపుకి లోపలివైపు బిగించాను. కత్తితో తిప్పి స్క్రూల తలలన్నీ అరగదీశావు, చేతకానిదానా, నా ప్రాణం తీశాయి.

వేస్తే టక్కుమంది. "ఏంట్రా ఆ చప్పుడు?" అంది అమ్మ. గడియమ్మా అన్నాను. "మళ్ళీ వెయ్యి, వింటాను" అంది. విసుగు లేకుండా వేయించుకుంటూనే ఉంది.

ఇప్పుడు వాళ్ళు బయటే ఉన్నారు. తోశారు, రాలేదు. పెద్దాయన అరిచాడు, శపించాడు, సభలోంచి నన్నూ తీసేశానన్నాడు. తీసెయ్యమన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఇప్పుడు తలుపు తడుతున్నాడు. ఈ వయసులో ఆయనకి తట్టడం వచ్చింది. నేను తియ్యడం లేదు.

నువ్వొచ్చేసరికి గుమ్మంలోనే ఉంటే తప్పుకోమను. నీ నోటి ముందు ఆయనెంత?

నామీద దయ చూపించమని అడగను. బావ మంచం పక్కన నీకు లేకుండా చేసిన చోటు ఇక్కడ ఉంచాను. అమ్మ చెయ్యి ఒకటి నేను పట్టుకున్నాను, రెండోది నీకు. వచ్చి తలుపు తట్టు. అలవాటు లేనివాణ్ణి, "ఎవరూ?" అని అడుగుతాను. కోప్పడకుండా చెప్పు.

తీస్తాను.

నీ తమ్ముడు