పసుపు రాసిన కవరు

పెదనాన్న గారికి,

నమస్కారం పెట్టడం లేదు, ఏమీ అనుకోకండి.

మా కొబ్బరితోట దారికి మీరు కంచె వేసేక రెండు కాయ దింపులు పోయేయి. కాయలు రాలి చెట్ల కిందే మొలకెత్తుతున్నాయి. అడిగితే, "ఆడదానివి, నీకు ఏ ప్లీడరొస్తాడో చూస్తాను" అన్నారు. అమలాపురం కోర్టులోనే న్యాయ సేవా కేంద్రం ఉందండి. ఆడవాళ్ళకి ప్లీడరుని ఉచితంగా ఇస్తారు. నాకూ ఇచ్చేరు.

వాళ్ళు పంపిన నోటీసు మీరు రెండుసార్లు తిప్పి పంపేరు. శుభలేఖని తిప్పి పంపడం మాత్రం మన ఇంటా వంటా లేదు కదండీ! అందుకే ఈ కవరుకి నాలుగు మూలలా పసుపు రాసేను. పోస్ట్‌మాన్ దగ్గర సంతకం పెట్టి మరీ పుచ్చుకుని ఉంటారు.

పెళ్ళి ఎవరిదా అని వెతక్కండి. లోపలున్నది అదే నోటీసు. ముహూర్తం పదిహేనో తారీకు ఉదయం పదిన్నరకి, అమలాపురం కోర్టులో. సకుటుంబంగా దయచేయండి.

మీ తమ్ముడి కూతురు