హాజరుకు తీసుకుపోయిన అంబలి

నెల్లికుదురు, 1950 ఏప్రిల్, మంగళవారం రాత్రి

తల ఇంకా పగిలిపోతూనే ఉంది. మానుకోట దవాఖానలో డాక్టరు చెప్పినవన్నీ చేస్తున్నాను. టీ మానేశాను. గుడ్డిదీపం దగ్గర చదవడం మానేశాను. కడుపు ఖాళీగా ఉంచవద్దని మరీ మరీ చెప్పాడు. నా భార్య లక్ష్మి బతికి ఉన్నన్నాళ్లు ఆ మాట ఎవరూ చెప్పవలసి రాలేదు.

అడవిలోని కమ్యూనిస్టు సంఘం వాళ్లను ఎవరూ కలవకుండా పోలీసు క్యాంపులో రోజూ హాజరు తీసుకుంటారు; ఊరి మగవాళ్లమంతా మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడాలి. అందుకని ఈ రోజు చెంబులో జొన్న అంబలి తీసుకుపోయాను. పోలీసుల పక్కన నిలబడ్డ ఊరి పటేలు మూత తీసి చూశాడు.

"ఎవలకు పంతులూ గిది? అడివిల దాగిన సంగపోల్లకా?"

"నాకే. తలనొప్పికి."

"పెండ్లాం సచ్చినోనికి చెంబెడు అంబలి ఎవలు కాసిన్రు?"

జవాన్లు నవ్వారు. నేనే కాచాను. పటేలు చెంబును మట్టిలో బోర్లించాడు.

"జర ఊకో పంతులూ" అన్నాడు వెనక నిలబడ్డ పక్కింటి మల్లయ్య. కళ్లు బైర్లు కమ్మినా నిలబడ్డాను.

నా కడుపులో నేను ఇంత పోసుకోవడానికి పటేలు అనుమతి కావాలా? రేపూ తీసుకుపోతాను. వాడు మూత మీద చెయ్యి వేయకముందే, అందరి ఎదుటే తాగుతాను. ఆ తర్వాత కొడితే కొట్టనీ.