మామయ్యగారు అడిగిన కెమెరా

ఉదయ్, నా వెల్లింగ్‌టన్ రైలుకి టైమైపోయింది. మామయ్యగారికి ఇవాళే ఆ చిన్న నల్ల కెమెరా కొను. బటన్ నొక్కితే చాలు, ఫోటో వచ్చేస్తుంది. చెయ్యి వణికినా బొమ్మ చెదరదని షాపులో అతను తీసి చూపించాడు. లెన్సులు, జూమ్‌లు అంటూ ఇంకో నెల సాగదీయకు. చారు స్టవ్ మీద ఉంది.

నిన్న అత్తయ్యగారి సంవత్సరీకానికని ఫోటో వెతికాం. అన్నీ తౌపో సరస్సు ముందో, కొండల ముందో బిగుసుకుని నిలబడ్డవే. "రోజూ మీ అత్తయ్య ఎలా ఉండేదో, అలాంటిది ఒక్కటీ లేదా అమ్మా?" అన్నారు మామయ్యగారు. నువ్వు అప్పుడు కూడా ఫోనులో రివ్యూలే చదువుతున్నావు.

తా.క. షాపుకి ఆయన్నీ తీసుకెళ్ళు. ఆయన చేతే నొక్కించి చూడు. మనల్నైనా రోజూ ఎలా ఉంటామో అలా తీసుకుంటానని, అత్తయ్యగారు పోయాక ఆయన నోరు తెరిచి అడిగింది ఈ కెమెరా ఒక్కటే.