మా సంస్థకి మీ చందా

నాన్నగారికి,

నేను కులాసాగా ఉన్నాను. గది తలుపుకి కొత్త గొళ్ళెం కూడా వేయించాను, అమ్మని నిశ్చింతగా నిద్రపొమ్మనండి.

విలేకరుల తరఫున కోర్టుల్లో పోరాడే మా సంస్థకి చందా ఎలా ఇవ్వాలని అడిగారు. నెలనెలా పంపచ్చు, ఒక్కసారే ఇవ్వచ్చు, పోయినవాళ్ళ పేరు మీదా ఇవ్వచ్చు. మా ఆఫీసు మెట్ల కిందున్న సెలూన్ ఆయన మాత్రం పైకొచ్చి, "డబ్బులివ్వలేనమ్మా. జైలు నుంచి వచ్చినవాళ్ళని ముందు నా దగ్గరికి పంపండి, గడ్డం గీసి మనిషిని చేసి ఇంటికి పంపుతాను" అన్నాడు.

రాసిన వార్తకి జైలుకెళ్ళిన విలేకరి ఒకాయన నిన్న విడుదలైతే అక్కడికే తీసుకెళ్ళాను. కత్తెర ఆడిస్తూ సెలూన్ ఆయన ఊళ్ళో సంగతులన్నీ ఏకరువు పెట్టాడు. విలేకరిగారు మొహం నిండా సబ్బు నురగతోనే, "ఆగండాగండి, ఇది రాసుకోవాలి" అంటూ నా వైపు పెన్ను కోసం చెయ్యి చాపాడు. కడుపుబ్బ నవ్వాం.

నా ఊదారంగు స్వెట్టరు పంపండి. వంటింటి కప్పు కారడం ఆగిందా? చెల్లికి ముద్దులు.

మీరు డబ్బు పంపొద్దు నాన్నా. నేను బ్యాంకులో చేస్తున్నానని పక్కింటివాళ్ళకి చెప్పడం మానేసి, ఉన్నదున్నట్టు చెప్పండి. మీ చందా ముట్టినట్టే.

ఇట్లు,
ఏ బ్యాంకులోనూ లేని మీ పెద్దమ్మాయి