ఏడంకె నడుమ గీత

19 జనవరి 2026, సోమవారం

పాత కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. మూడుసార్లు చదివాను. ఇంటి నుంచే పని, కడప వదలక్కర్లేదు. కండిషన్ ఒక్కటే. నాకు ఐదేళ్ల గ్యాప్ ఉంది కాబట్టి ఫిబ్రవరి 28 లోపల సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్ట్ సర్టిఫికేషన్ పాసవ్వాలి. కాకపోతే ఆ పోస్టు ఇంకొకరికి.

రెండోసారి కడుపు పోయాక, మూడోసారైనా నిలవాలంటే మంచం దిగొద్దంది డాక్టరమ్మ. 2020 నవంబర్‌లో ఉద్యోగం మానేశాను. మూడోదీ నిలవలేదు. ఉద్యోగమూ మళ్లీ దొరకలేదు. గ్యాప్ అనగానే ఇంటర్వ్యూలవాళ్ల ముఖాలు మారిపోతాయి. ఈ ఐదేళ్లలో నేను రాసిందల్లా అంగడి చీటీలు.

భోజనాలప్పుడు మా ఆయన సుధీర్‌కి చెప్పాను. మా బండల యార్డు నుంచి వచ్చాడు, చొక్కా నిండా దుమ్ము. వద్దనలేదు. అదే నా అదృష్టం అనుకోవాలేమో.

"ఒక్కసారి రాయి. కాలేదనుకో, మన యార్డులో బిల్లింగ్ చూసుకుందువులే. ఈడ నీకేం తక్కువ?"

ఒక్కసారి. ఆ మాట చెవిలోనే ఉండిపోయింది.

20 జనవరి

గైడ్లు మూడు ఉన్నాయి. సాయంత్రానికి నాలుగయ్యాయి.

24 జనవరి, శనివారం

మొదటిది తొమ్మిది వందల పేజీలు. దాన్ని పూర్తిచేసేలోపు నాకు రిటైర్మెంట్ వస్తుంది. రెండోది సన్నది, కానీ పాత ఎగ్జామ్ వెర్షన్‌కి రాసిందట. మూడోదాని రివ్యూలు చదివాను. సగంమంది దేవుడిచ్చిన పుస్తకం అన్నారు, సగంమంది చెత్తబుట్టలో వెయ్యమన్నారు. నాలుగోది పుస్తకం కాదు, వీడియోలు. అతను అంత వేగంగా ఎందుకు మాట్లాడతాడో, ఎవరు తరుముతున్నారో.

నాలుగింటిలోనూ మొదటి చాప్టర్ చదివాను. నాలుగూ ఒకటే. ఏది తీసుకున్నా, మంచిది పక్కన పెట్టేశానేమో అని భయం. ఒక్కటే అవకాశం ఉన్నప్పుడు తప్పు పుస్తకం పట్టుకుంటే నన్ను నేను క్షమించుకోలేను.

పరీక్ష ఇంట్లో కెమెరా ముందు రాయొచ్చు. కానీ మా ఇంటి వెనకే యార్డు. రాయి కోసే మిషన్ మొదలైతే పక్కనున్న మనిషి మాట వినబడదు. కర్నూలులో సెంటర్ బుక్ చేశాను. ఫిబ్రవరి 28, మధ్యాహ్నం రెండింటికి. ఆఖరి రోజే దొరికింది.

29 జనవరి

ఇంకా ముప్పై రోజులు. ఇంకా ఎంచుకోలేదు. నా ముఖం, నేను ఆర్కిటెక్ట్ అవుతానట.

2 ఫిబ్రవరి, సోమవారం

పరీక్ష రాసేవాళ్ల వాట్సాప్ గ్రూపులో చేరాను. శ్రావణి అని కర్నూలు అమ్మాయి చేర్చింది. ఏ గైడ్ మంచిదని అడిగితే పది నిమిషాల్లో ముప్పై జవాబులు, అన్నీ ఒకటే. భూపేష్ నోట్స్. మిగతావన్నీ పక్కన పడెయ్యమన్నారు. తెలుగువాళ్లలో ఈ పరీక్ష పాసైనవాళ్లంతా దాంతోనే పాసయ్యారట. చేత్తో రాసిన నోట్స్, తొంభై నాలుగు పేజీలు. ఒంటిమిట్ట కల్యాణం రోజు క్యూలైన్ల ఉదాహరణతో, సర్వర్లకి భారం పంచే లోడ్ బాలెన్సర్ గురించి భలే చెప్పాడని ఒకతను మురిసిపోయాడు. ఎక్కడో విన్నట్టే ఉంది, గుర్తు రాలేదు.

భూపేష్ పాత కంపెనీలో నా జూనియరే. పేరు చూడగానే సంతోషమేసింది. అంత తెలివి ఎప్పుడొచ్చిందో వాడికి అనుకున్నాను.

ఫోన్‌లో పీడీఎఫ్ అంతా మసక మసకగా ఉంది, పేజీలు తిప్పి చూసే ఓపిక లేక ఏడు రోడ్ల దగ్గర జిరాక్స్ షాపుకి పంపించాను. స్పైరల్ బైండింగ్ చేసి ఎల్లుండి మా యార్డు పనివాడితో ఇంటికి పంపుతామన్నారు. హమ్మయ్య, పుస్తకం ఖాయమైంది.

4 ఫిబ్రవరి, మధ్యాహ్నం

నేను మిద్దె మీద బట్టలు ఆరేస్తుంటే కవరు వచ్చింది. అత్తమ్మ విప్పింది. ఆమెకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. కిందికి వచ్చేసరికి అరుగు మీద కూర్చుని పేజీలు తిప్పుతోంది, కళ్లద్దాలు ముక్కు చివర పెట్టుకుని.

"నీ రాత పుస్తకమయి వచ్చిందే! ఏడంకె నడుమ గీత నువ్వు గాక ఇంకెవరు పెడతారమ్మా? అంగడి చీటీలో ఐదేండ్లుగా చూస్తాండా."

లాక్కుని చూశాను. నాదే. హెడింగు చుట్టూ గడి, గడి కింద రెండు గీతలు, నాదే. ముప్పై ఒకటో పేజీలో కారం దోసె తింటూ నెయ్యి కార్చిన మరక కూడా, జిరాక్స్‌లో బూడిదరంగుగా వచ్చింది. నేను ఉద్యోగం మానే ముందు ఆ పరీక్ష కోసమే నాలుగు నెలలు రాసుకున్న నోట్‌బుక్ అది. పరీక్ష రాయకుండానే ఉద్యోగం మానేశాను. చివరి రోజు భూపేష్‌కి ఇచ్చాను, చదివి ఇచ్చెయ్యమని. మొదటి పేజీలో నా పేరు ఉండాలి. ఆ పేజీ లేదు.

అదే రోజు, సాయంత్రం

భూపేష్‌కి ఫోన్ చేశాను. వాడు దొంగలా నసగలేదు, అదే ఇంకా బాధ. అక్కా బాగుండావా అని సంబరపడ్డాడు. నా నోట్స్‌తోనే పాసయ్యాడట, ఇప్పుడు టీమ్ లీడట, నాకు ఎప్పుడూ దండం పెట్టుకుంటాడట. పేరు మాటేమిట్రా అన్నాను.

"నీకు మళ్లా అవసరం పడదనుకున్నా అక్కా."

నిజంగానే అన్నాడు. వాడే కాదు, అందరూ అదే అనుకున్నారు. ఫోన్ పెట్టేసి బాత్రూంలో కొళాయి తిప్పి ఏడ్చాను.

6 ఫిబ్రవరి

ఇక ఎంచుకునేదేముంది. నాదే చదువుతున్నాను.

సగం అర్థం కావడం లేదు. ఇది రాసిన మనిషి నాకంటే చాలా తెలివైనది. ఆమె ఎక్కడికి పోయిందో.

11 ఫిబ్రవరి, బుధవారం

శ్రావణి గ్రూపులో పెట్టింది, 41వ పేజీ తప్పు, నమ్మొద్దని. నాకు ఒళ్లు మండింది. అరగంట వాదించాను. నా రాత అని మాత్రం చెప్పలేదు. చెబితే ఎవరు నమ్ముతారు? ఆమె నెమ్మదిగా ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్ల అసలు డాక్యుమెంటేషన్ లింకు పంపింది, మీరే చూడండి మేడమ్ అని.

చూశాను. తప్పే. ఫైలు మార్చిన వెంటనే చదివితే ఒకోసారి పాతదే కనబడుతుందని రాశాను. నేను రాసినప్పుడు అది ఒప్పు. నేను మంచంలో ఉన్నప్పుడు వాళ్లు మార్చేశారు. ఇప్పుడు కొత్తదే కనబడుతుంది, వెంటనే.

ఒక్క 41వ పేజీయేనా? ఐదేళ్లలో ఇంకెన్ని మారాయి? ఏ పేజీని నమ్మాలి? దిక్కు తోచడం లేదు. తొమ్మిది వందల పేజీల పుస్తకం ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను, తెరవలేదు. పదిహేడు రోజులే ఉన్నాయి.

12 ఫిబ్రవరి

ఎర్రపెన్ను కొన్నాను. మొదటి పేజీ నుంచి ఒక్కో వాక్యం డాక్యుమెంటేషన్‌తో సరిచూస్తున్నాను. మారింది కొట్టేసి పక్కన రాస్తున్నాను. రాస్తుంటే బుర్రలోకి ఎక్కుతోంది. చదివితే ఎక్కలేదు, విచిత్రం.

19 ఫిబ్రవరి

38వ పేజీ. ఇంట్లో చుట్టాలు. మూడు రోజులు వంటింట్లోనే పోయాయి. పరీక్ష ఉందని అత్తమ్మే వాళ్లకి చెప్పింది. ఈ వయసులో పరీక్షేంది అని నవ్వారు. నాకు ముప్పై నాలుగు.

27 ఫిబ్రవరి, శుక్రవారం

66వ పేజీ దాకా వచ్చాను. ఇరవై ఎనిమిది పేజీలు మిగిలాయి. ఒకసారి తిప్పి చూశాను. నా రాతేగా, అంత తప్పేం ఉండదులే అనుకున్నాను. అనుకోక ఏం చెయ్యాలి.

28 ఫిబ్రవరి, శనివారం, కర్నూలు బస్టాండు

720 రావాలి. 704 వచ్చింది.

చివరి బటన్ నొక్కగానే స్క్రీన్ మీదే చూపించారు. నీళ్లు తాగుతారా అని ఆ సెంటర్ అమ్మాయి అడిగింది. కాగితంలో ఎందులో ఎలా చేశానో కూడా ఉంది. 66వ పేజీ వరకు ఉన్న సబ్జెక్టులన్నీ బాగున్నాయి. పోయిందంతా ఆ తర్వాతి పేజీల్లోనే. నా చేత్తో రాసినవే కదా అని వాటిని నమ్మాను.

కడప బస్సు ఎక్కలేదు. రెండు వదిలేశాను. ఇంటికి వెళ్లి ఏం చెప్పాలి? మూడోది ఎక్కాలి.

1 మార్చి

చెప్పాను. సుధీర్ పోనీలే అన్నాడు. అంత తేలిగ్గా అనకుండా ఉంటే బాగుండేది. అత్తమ్మ నా కంచంలో ఇంకో రొట్టె వేసింది.

2 మార్చి, సోమవారం

బిల్లింగ్ సీట్లో కూర్చున్నాను. ఇంతింత మందం నల్లబండలు, ఇన్ని అడుగులు, ఏ లారీ. మిషన్ తిరుగుతూనే ఉంది. కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది, ఆల్ ది బెస్ట్ అని ముగించారు. ఇంటి వెనక ఈ షెడ్డులో నాకు అరవై ఏళ్లు వచ్చినట్టు ఒక్క క్షణంలో కనబడింది. భయమేసింది. నిజంగా చాలా భయమేసింది.

6 మార్చి

గ్రూపులో కొత్తగా పదకొండు మంది చేరారు. అందరికీ భూపేష్ నోట్స్ పంపుతున్నారు. వాళ్లు మొదటి పేజీ నుంచీ నమ్ముతారు.

9 మార్చి

యార్డు. మధ్యాహ్నం కరెంటు పోయి మిషన్ ఆగింది. 67వ పేజీ. రెండు తప్పులు, సరిచేశాను. జిరాక్స్‌లో పేజీ అంకె చెరిగిపోయి ఉంటే మళ్లీ రాశాను, ఏడు నడుమ గీత పెట్టి. పక్కన నా పేరు.