పుస్తకంలో నీ చెయ్యి

అక్కా,

నువ్వు పోయి ఏడాదయింది. బావ పనిచేసే మిల్లు ఇంకా మూసే ఉంది. ఈ రోజు ఆ డాక్టరమ్మ మళ్లీ కామాటిపురలో మనముండే చాల్ గదికి వచ్చింది. గర్భిణుల గజ్జి మీద తాను రాసిన పుస్తకం తెరిచి చూపించింది. అందులో నీ చెయ్యి ఫోటో ఉంది.

ఆమె నీ వేళ్ల సందుల్లో పొక్కులు పరీక్షకని గీకి, ఫోటో తీయడానికి వచ్చిన రోజు నువ్వు జంకితే, "జర చెయ్యి చాపు అక్కా, మందిస్తరట" అన్నది నేనే. మందు తెచ్చేదాకా ఏమీ పూయొద్దని చెప్పి వెళ్లింది. ఆమె మాట నమ్మి నువ్వు వేపాకు ముద్ద కూడా మానేశావు. ఆమె రాలేదు. పుండ్లు చీము పట్టి, కాన్పయిన వారానికే జ్వరంతో పోయావు.

"గీ చెయ్యి ఎవరిది మేడం?" అని అడిగాను.

గుర్తులేదంది.

ఫోటో కింద నీ పేరు లేదక్కా. నువ్వు మణికట్టు మీద పచ్చబొట్టు పొడిపించుకున్న నా పేరు మాత్రం అచ్చయింది.